సగం వాలిన చెయ్యి

మొన్న పని మీద ఉదయగిరి వెళ్ళి, ఎండకు తాళలేక నా పాత స్నేహితుడి ఇంటి ముందు ఆగాను. ఆయన కోడలు లోపలికి రమ్మని మంచినీళ్ళిచ్చింది. నీళ్ళకుండ ఒక మూడు కాళ్ళ కర్రపీట మీద ఉంది. గ్లాసు ఎత్తబోతూ ఆ కాళ్ళు చూశాను. ఇత్తడి మరలు, ఒక కాలికి మధ్యలో సైకిలు ట్యూబు ముక్కతో వేసిన కట్టు. ఆ కట్టు వేసింది నేనే. ఒకప్పుడు ఆ కాళ్ళ మీద కెమెరా పెట్టె ఉండేది, దాని వెనక నల్లగుడ్డలో తల దూర్చి ఆయన ఉండేవాడు.

"మామ పొయ్యి మూడు నెలలైంది సార్. మీకు జాబు రాయమన్నాను, ఎవురూ రాయలా," అందామె.

గ్లాసు కింద పెట్టేశాను. ఆయన తీసిన పటాల్లో గోడ మీద ఒక్క రైలు పటమే మిగిలింది. ఎన్నేళ్ళుగానో దాని వైపు సూటిగా చూసే ధైర్యం నాకు లేదు. మొన్నా లేకపోయింది. అదెందుకో చెప్పకుండా ఆయన గురించి ఎన్ని మంచిమాటలు రాసినా దండగే.

ఊరంతా ఆయన్ను పెట్టె సాయిబు అనేది. నాకంటే పదేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా, కొద్దిపాటి గడ్డంతో ఉండేవాడు. వంకర అంటే గిట్టేది కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీది క్యాలెండరు సరిచేసి తర్వాత కూర్చునేవాడు. ఫోటోకు నిలబెట్టిన మనిషి భుజాలు, పైపంచె, మీసం అన్నీ తన చేత్తో సర్దేవాడు. వెనక్కి పోయి ఒకసారి చూసి, మళ్ళీ వచ్చి మళ్ళీ సర్దేవాడు. "పెళ్ళికొడుకును చేస్తుండావా ఏంది సాయిబూ" అని జనం నవ్వినా లెక్కచేసేవాడు కాదు. చివరికి అద్దం మూతి మీది మూత తీస్తూ, "కదలబాకండి. కదిలినోడు పటంలో దెయ్యమైతాడు" అనేవాడు. అని, తనే ముందు ఊపిరి బిగబట్టేవాడు. ఆయన్ను చూసి చుట్టూ ఉన్నవాళ్ళంతా బిగబట్టేవాళ్ళు. ఆయన మూత పెట్టేశాక ఊరు ఊరంతా ఒక్కసారి హమ్మయ్య అనడం నేను చాలాసార్లు విన్నాను.

ఆ రోజుల్లో నేను ఆత్మకూరు బోర్డు స్కూల్లో అయ్యవారిని. బడి పిల్లల ఫోటో తియ్యడానికి వచ్చి ఆయన నాకు స్నేహితుడయ్యాడు. నాకు వాగుడెక్కువ, ఆయనకు మాట తక్కువ. అందుకే కుదిరిందేమో.

ఆయనకు అసలు పేరు తెచ్చిన పని వేరే ఉంది. మా మెట్ట ఊళ్ళలో బతికుండగా ఫోటో తీయించుకునేవాళ్ళు ఎందరు? మనిషి పోయాక, అయ్యో ముఖమైనా మిగల్లేదే అని అప్పుడు ఆయన కోసం మనిషిని పరుగెత్తించేవాళ్ళు. పిలుపు సీతారామపురం నుంచైనా సరే, వింజమూరు నుంచైనా సరే, ఆయన సైకిలెక్కి వెళ్ళేవాడు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసి, తర్వాత ఇంట్లో కూర్చుని బొమ్మ పడిన గాజు పలక మీద పెన్సిలుతో, కాగితం మీద సన్న కుంచెతో కళ్ళు తెరిపించేవాడు. తిరిగి వచ్చేముందు ఇంట్లోవాళ్ళను ఒకే ప్రశ్న అడిగేవాడు. "నవ్వితే ఏ కన్ను ముందు నవ్వుతాది?" ఆ ప్రశ్నకు ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి, కుడి అని ఒకరు, ఎడమ అని ఒకరు వాదించుకునేవాళ్ళు. పటం ఇంటికొచ్చాక అది శవాన్ని చూసి తీసిందని ఏ ఒక్కరూ కనిపెట్టలేకపోయేవాళ్ళు. నాకది గొప్ప విద్యగా కనిపించేది. ఎక్కడ నలుగురు కలిసినా ఆ సంగతే చెప్పి గొప్పలు పోయేవాణ్ణి.

స్వరాజ్యం వచ్చిన మొదటి చలికాలంలో ఆయన ఒక సాయంత్రం ఆత్మకూరు వచ్చి, సైకిలు గోడకు ఆనించి, నా గదిలో క్యాలెండరు సరిచెయ్యకుండానే కూర్చున్నాడు. అప్పుడే ఏదో జరిగిందనుకున్నాను.

ఆయన అన్న రైల్వేలో కేబిన్‌మన్. కావలికి అవతల, పేరెందుకు గాని, ఒక చిన్న స్టేషను. అక్కడ కేబిన్లో లీవరు లాగితే, తీగ బిగిసి, దూరాన సిగ్నలు స్తంభం మీద ఎర్రచెయ్యి వాలుతుంది. వాలితే బండి రావచ్చు, అడ్డంగా చాచి ఉంటే ఆగాలి. ఒక తెల్లవారుజామున గూడ్సు ఆగకుండా లోపలికి వచ్చి నిలబడి ఉన్న ఖాళీ వ్యాగన్లకు తగిలింది. ఎవరికీ ఏం కాలేదు. అయితే చెయ్యి వాలి ఉందని డ్రైవరు అన్నాడు. నేను లీవరు ముట్టుకోలేదని ఈయన అన్న అన్నాడు. అన్నను పనిలోంచి నిలబెట్టి విచారణకు రోజు పెట్టారు. పని పోతే రైల్వే ఇల్లూ పోతుంది, ఇరవై ఏళ్ళ నౌకరీకి చెడ్డపేరు మిగులుతుంది.

"మా అన్న చెప్పేదేందంటే, చలి గట్టిగా పడిన పొద్దున తీగ బిగుసుకుంటాది. లీవరు లాగకపోయినా చెయ్యి సగం వాలతాది. లాగితే పూర్తిగా వాలాల గదా? సగం వాలిందంటే అది తీగ పనే. ఎన్నిసార్లు చెప్పినా ఎవురూ రాసుకోలా. ఆఫీసరు వచ్చేది పదిగంటల బండికి. అప్పటికి ఎండెక్కి తీగ సాగి, చెయ్యి సిపాయి మాదిరి బిగిసి అడ్డంగా ఉంటాది," అన్నాడు.

"అయితే ఫోటో తియ్యాల," అన్నాను.

"తియ్యాల. పక్కన చదువుకున్నోడు ఒకడు సాక్షి ఉండాల. ఆఫీసరుతో ఇంగిలీషులో మాట్లాడేవోడు."

ఆ మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన ఉదయగిరి నుంచి, నేను ఆత్మకూరు నుంచి బయల్దేరి వింజమూరులో కలుసుకున్నాం. అక్కడి నుంచి కలిగిరి మీదుగా కావలి దారి. మూడు కాళ్ళూ ఆయన సైకిలు కడ్డీకి, కెమెరా పెట్టె నా క్యారియరుకు కట్టాం. గాజు పలకలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మూడే ఉన్నాయి. వాటిని బొంతలో చుట్టి, భార్య పాత చీరతో పసిబిడ్డను కట్టుకున్నట్టు వీపుకు కట్టుకున్నాడు. దారి గుంటలు పడిన చోటల్లా దిగి నడిచాడు. నేను ముందుకెళ్ళి చెట్టు కింద కూర్చుని విసుక్కుంటుంటే, చీర ముడి తడుముకుంటూ నింపాదిగా వచ్చేవాడు.

అన్న ఇంట్లో దిగితే కట్టుకథ అల్లారంటారని, పట్టాల పక్క తాటితోపులో ఒక దుప్పటి గుడారంలా కట్టి మకాం పెట్టాం. ఆ సాయంత్రం అన్న వచ్చి మా దగ్గర కూర్చున్నాడు. లీవరు లాగుతున్నట్టు కుడిచెయ్యి ఊరికే ముందుకు చాచి వెనక్కి లాక్కుంటున్నాడు, తనకు తెలియకుండానే. తమ్ముడు ఆ చెయ్యి పట్టుకుని కాసేపు అట్లాగే ఉన్నాడు.

నాకు భయం లేదంటే అబద్ధం. హైదరాబాదు వైపు గొడవలుగా ఉన్న రోజులవి. పట్టాలు పీకుతారని, వంతెనలు పేలుస్తారని రోజుకొక పుకారు. గడ్డమున్న మనిషి పట్టాల పక్కన పెట్టె పెట్టుకుని కూర్చుంటే అది కెమెరా అని ఎవరనుకుంటారు? ఆ మాట ఆయనతో అంటే, "అనుకుంటే అనుకోనీండి, పలకలు పగలకుంటే చాలు," అన్నాడు.

మొదటి రోజు పొద్దున మబ్బు. చలి లేదు. చెయ్యి వాలకుండా అడ్డంగా ఉంది. ఆయన దాన్ని చూసి పళ్ళు కొరికాడు. జీవితంలో మొదటిసారి ఒక వస్తువు వంకరగా లేదని బాధపడుతున్నాడు పాపం. వెలుతురు బాగున్నప్పుడు కేబిన్ ఫోటో మాత్రం తీశాం, అద్దాల వెనక లీవర్లు బారుగా నిలబడి కనిపించేట్టు. ఒక పలక అయిపోయింది. మరుసటి రోజు కాకపోతే నేను తిరిగి బడికి పోవాలి, ఆపైన విచారణకు నాలుగు రోజులే ఉంటుంది.

రెండో రోజు పొద్దున చలి ఎముకలు కొరికింది. వెలుతురు రాగానే చూస్తే చెయ్యి సగం వాలి ఉంది. నేను గంతేశాను. "తియ్, భాయ్, తియ్!" అన్నాను.

"ఉండండి. ఉత్త చెయ్యి తీస్తే ఎప్పుడో, యాడో తీసినారంటారు. బండి రానీండి."

నిలబడ్డాం. ఎండ అప్పుడే తాటిమట్టల మీద పడుతోంది. ఎండ తీగను తాకేలోగా బండి రావాలి. చెయ్యి ఒక వెంట్రుకవాసి పైకి లేచినట్టు నాకనిపించింది. ఆయన నల్లగుడ్డలోంచి తల తీసి చెయ్యి వైపు, పట్టాల వైపు, మళ్ళీ చెయ్యి వైపు చూస్తున్నాడు. ఆయన నుదుటి మీద ఆ చలిలో చెమట పట్టింది. నేను మనసులో ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. ఆయన పెదాలు కదులుతున్నాయి, ఆయన మొక్కు ఆయనది.

ప్యాసింజరు వచ్చింది. స్తంభం చూసి డ్రైవరుకు అనుమానం వచ్చి కూత మీద కూత వేసి, సరిగ్గా చెయ్యికి ముందర బండి నిలిపి, తల బయటపెట్టి పైకి చూశాడు. ఇంజనూ, డ్రైవరు తలా, సగం వాలిన చెయ్యీ, అన్నీ ఒక్క చోట.

ఆయన మూత తీశాడు. "ఒకటి... రెండు..." మూత పెట్టాడు. ఊపిరి వదిలి పలక మీది రేకు మూసి, నా వైపు తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వాడు. అంతలో ఎవరో వెనక నుంచి నా మెడ పట్టుకున్నారు.

రైల్వే పోలీసు. వెంట కర్ర పట్టుకుని ఒక గ్యాంగ్‌మన్.

"ఏందిరా ఇది? ఎవురు పంపినార్రా మిమ్మల్ని?" అంటూ పోలీసు మూడు కాళ్ళను బూటుతో తన్నాడు. ఒక కాలు చిట్లింది. పెట్టె కింద పడేలోగా ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఫోటో పెట్టె సార్. నేను స్కూలు మాస్టర్ని..." అన్నాను.

"నీ సంగతి తర్వాత. సాయిబూ, పెట్టె తెరువు. లోపల ఏముండాదో చూడాల."

"తెరిస్తే లోపలున్న పటం చచ్చిపోతాది సార్," అన్నాడాయన.

"చావనీ. తెరువు!"

పెట్టె తెరిచి, ఆ రేకూ లాగి చూస్తే వెలుతురు తగిలి పలక పాడవుతుంది. అన్న నౌకరీ, పరువు, అంతా ఆ గాజు ముక్కలో ఉంది. ఆయన పోలీసును కింద నుంచి పైదాకా చూశాడు, గిరాకీని చూసినట్టు. మెల్లగా చెయ్యి చాచి, పోలీసు తలమీది టోపీ సరిచేశాడు.

"సార్, కొంచెం వంకర పోయింది. మీ ముఖం ఫోటోకు బాగుంటాది. ఎప్పుడన్నా తీయించుకున్నారా?"

పోలీసు టోపీ మళ్ళీ తడుముకున్నాడు. "లేదు," అన్నాడు చివరికి.

"ఇంకొక పలక ఉండాది. తీస్తాను. అమ్మ ఉండాదా సార్ మీకు? పంపించుకోవచ్చు."

తర్వాత పోలీసు చెయ్యి నా మెడ వదిలి మీసం మీదికి పోయింది. చిట్లిన కాలును నేను చేత్తో పట్టుకుని నిలబెట్టగా, ఆయన నింపాదిగా భుజాలు సర్ది, బెల్టు సర్ది, "కదలబాకండి సార్" అన్నాడు. పోలీసు, గ్యాంగ్‌మన్, నేను, ఆయన, నలుగురం ఊపిరి బిగబట్టాం. ఆ చెయ్యికే రెండో ఫోటో తీద్దామని దాచుకున్న ఆఖరి పలక అట్లా ఖర్చయింది. విడిచిపెట్టారు. కానీ స్టేషన్లో చెప్పినట్టున్నారు, ఆ సాయంత్రానికే మనుషులు వచ్చి తీగ సవరించి పోయారని అన్న కబురు పంపాడు. ఇక ఎంత చలి పడినా ఆ చెయ్యి సగం వాలదు. మిగిలిన సాక్ష్యం మా దగ్గరున్న ఒక్క పలకే. చిట్లిన కాలికి నేను ట్యూబు ముక్కతో కట్టు కట్టాను.

విచారణ స్టేషను వెయిటింగ్ రూములో జరిగింది. ఆఫీసరు చెడ్డవాడు కాదు, అది ఒప్పుకోవాలి. పటం తీసుకుని భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. డ్రైవరు తల చూశాడు, చెయ్యి చూశాడు. "సగమే వాలింది," అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. మూల నిలబడ్డ అన్న కుడిచెయ్యి కదలడం మానేసింది. ఆఫీసరు నా వైపు తిరిగి, మీరు కళ్ళారా చూశారా అని ఇంగ్లీషులో అడిగాడు. చూశానన్నాను. ఈయన పనివాడేనా అన్నాడు.

అక్కడితో "అవును సార్" అని ఊరుకుంటే ఏం పోయేది? నోరుందే నాకు! నాలుగు రోజులుగా బిగబట్టుకున్న సంతోషం, నా స్నేహితుడి గొప్ప అంత పెద్ద ఆఫీసరుకు చెప్పుకోవాలన్న ఆరాటం, పైగా వచ్చిన ఇంగ్లీషు.

"పనివాడా అంటున్నారా సార్! మా తాలూకాల్లో ఈయనంతటి వాడు లేడు. చచ్చిపోయినవాళ్ళ ఫోటోకు కళ్ళు తెరిపిస్తాడు. ఎవరూ కనిపెట్టలేరు!" అన్నాను.

ఆఫీసరు భూతద్దం బల్ల మీద పెట్టాడు.

"కనిపెట్టలేరా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. నాలుక కరుచుకున్నాను. ఆఫీసరు ఆయన వైపు తిరిగి తెలుగులో అడిగాడు, "దీని మీద కూడా పెన్సిలు పెట్టావా?"

"లేదు సార్."

"చచ్చినవాళ్ళ మీద పెడతావా?"

"పెడతాను సార్."

"ఎందుకు?"

"వాళ్ళమ్మలు అడుగుతారు సార్," అన్నాడాయన. వీపు నుంచి బొంత విప్పి, "పలక కూడా తెచ్చినాను. చూడండి సార్, గీత ఉంటే కనిపిస్తాది," అని చేతులు చాచాడు.

"చూసి లాభమేముంది? ఎవరూ కనిపెట్టలేరని మీ సాక్షే చెప్పాడుగా," అన్నాడు ఆఫీసరు. కోపంగా అనలేదు. పటాన్ని కాగితాల కింద పెట్టి, తర్వాతి సాక్షిని పిలవమన్నాడు. కొద్ది వారాలకు అన్న నౌకరీ పోయింది.

తిరుగుదారిలో ఆయన ముందు, నేను వెనక. పలక ఆయన వీపు మీదే ఉంది. గుంటలు వచ్చినచోట దిగి నడుస్తూనే ఉన్నాడు, ఇంకా దాన్ని కాపాడి ఏం చేస్తాడో నాకర్థం కాలేదు. కలిగిరిలో టీ తాగేటప్పుడు ఏడుపు ఆపుకోలేక, "భాయ్, నా నోరు పడిపోను," అన్నాను.

"మీరు అబద్ధం చెప్పలా గదా అయ్యవారూ. నిజమే చెప్పినారు," అని తన బన్నులో సగం తుంచి నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్కసారైనా ఆ సంగతి ఎత్తలేదు.

అన్న కుటుంబంతో ఉదయగిరి చేరి, ఊళ్ళో అందరిలాగే చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కడం నేర్చుకున్నాడు. ఈయన ఫోటోలు మానలేదు. పెన్సిలు మాత్రం మానేశాడు. పెళ్ళికూతురి ముఖం మీద మచ్చ ఉంటే మచ్చతోనే పటం ఇచ్చేవాడు. చచ్చినవాళ్ళ ఫోటో తీసేవాడు, కళ్ళు తెరిపించేవాడు కాదు. పెట్టె సాయిబుకు చెయ్యి పోయిందన్నారు, పొగరెక్కిందన్నారు. పిలిచేవాళ్ళు తగ్గిపోయారు.

ఐదారేళ్ళ తర్వాత మా నాయన పోయాడు. నాయనకు ఫోటో లేదు. కబురు పంపితే మధ్యాహ్నానికి ఆయన సైకిలు మీద ఆత్మకూరు వచ్చాడు. ట్యూబు కట్టు వేసిన మూడు కాళ్ళూ నిలబెట్టి, నాయన పైపంచె సర్ది, తల నిటారుగా పెట్టాడు. ప్రశ్న మాత్రం అడగలేదు. మా అవ్వ, నాయనను కన్న తల్లి, రెండు కళ్ళకూ పొరలు కమ్మి మూలన కూర్చున్న మనిషి, అడక్కుండానే చెప్పింది. "మావోడికి ఎడమ కన్ను ముందు నవ్వుతాది, సాయిబూ."

ఆయన విననట్టు నల్లగుడ్డ కప్పుకున్నాడు.

బయటికి తీసుకుపోయి బతిమాలాను. "అవ్వ కోసం, భాయ్. ఈ ఒక్కసారికి."

"మీరడిగితే ప్రాణమైనా ఇస్తాను అయ్యవారూ. ఇది మాత్రం అడగబాకండి. ఇప్పుడు నేను ఒక్క కన్ను తెరిపించినా, మా అన్న పటం మీద గీత గీసినట్టే."

కోపమొచ్చింది నాకు. నాయన శవం ఇంట్లో ఉండగా ఆయనతో మాట్లాడకుండా ముఖం తిప్పుకున్నాను. ఎవరికి కోపం రావాలో వాళ్ళకు రాలేదు, నాకొచ్చింది.

పది రోజులకు పటం కట్టించి తనే తెచ్చాడు. నాయన కళ్ళు మూసుకుని, నిటారుగా, పగలు కునుకు తీస్తున్నట్టు ఉన్నాడు. అవ్వ పటాన్ని ఒళ్ళో పెట్టించుకుని అద్దమంతా వేళ్ళతో తడిమింది.

"సాయిబూ, కళ్ళు తెరిపించినావా?" అంది.

ఆయన నా వైపు చూశాడు. అబద్ధం ఆడలేడు, ఆ తల్లితో నిజమూ చెప్పలేడు. చేతిలో టోపీ నలుగుతోంది.

"తెరిపించినాడు, అవ్వా. ఎడమ కన్ను ముందు నవ్వుతుండాది. ఎవురూ కనిపెట్టలేరు," అన్నాను.

అవ్వ పటాన్ని గుండెకు హత్తుకుంది. నేను ఆయన వెంట వీధిలోకి వచ్చాను. సైకిలు స్టాండు తీసి, ఒక కాలు పెడలు మీద పెట్టి, నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"ఈసారి బాగా చెప్పినారు, అయ్యవారూ."